రిపోర్ట్ కార్డులో 3 అంటే 75 శాతం కాదు

సెకండ్ గ్రేడ్ పాప రిపోర్ట్ కార్డు పోర్టల్‌లో తెరిస్తే గణితానికి ఒక మార్కు అంటూ కనిపించదు. గణితం కిందే ఆరేడు వరసలు ఉంటాయి. 20 లోపు కూడికలు, తీసివేతలు తడుముకోకుండా చేయగలదా అన్నది ఒక వరస, మూడంకెల సంఖ్యలో స్థానవిలువలు తెలుసా అన్నది ఇంకో వరస, గడియారం చూసి టైమ్ చెప్పగలదా అన్నది మరొకటి. వాటి పక్కన 3, 2, 3, 3 అని అంకెలు, ఎక్కువలో ఎక్కువ 4. చదవడం, రాయడం కింద మరిన్ని వరసలు. టోటల్ లేదు, పర్సంటేజ్ లేదు, ర్యాంకు ఊసే లేదు.

అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లలో చాలామంది దీన్ని చూడగానే మనసులో ఒక భాగహారం చేసేస్తారు. నాలుగింట మూడు, అంటే 75. రెండొస్తే 50. "మా అమ్మాయికి 75 శాతమేనా?" అని టెన్షన్ మొదలు. ఆ సాయంత్రానికే కోచింగ్ క్లాసుల గురించి వాట్సాప్ గ్రూపులో వాకబు. ఇంకొందరు దీనికి పూర్తి వ్యతిరేకం. "ఎలిమెంటరీయే కదా, ఇక్కడ అందరికీ 3 వేస్తారులే" అని పోర్టల్ మూసేస్తారు. మొదటి రకం వాళ్ల వల్ల పిల్లకు అనవసరపు ఒత్తిడి. రెండో రకం వాళ్ల వల్ల జరిగే నష్టం ఇంకా ఎక్కువ. అది ఎందుకో తర్వాత చూద్దాం. ముందు ఆ భాగహారం సంగతి.

మూడు అంటే ఆ గ్రేడ్‌లో ఆ విషయంలో పిల్ల ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది అని. స్కూలు కోరుకునేది 3. అందులో నాలుగో వంతు తక్కువైందన్న అర్థం ఎక్కడా లేదు. ఈ పద్ధతిని స్టాండర్డ్స్ బేస్డ్ గ్రేడింగ్ అంటారు.

ఒక్కో వరస వెనక ఏముంది

ఫలానా గ్రేడ్ పూర్తయ్యేసరికి పిల్లలు ఏం చేయగలగాలో రాష్ట్రం ముందే రాసి పెడుతుంది. అదే స్టాండర్డ్. 2010లో రాష్ట్రాల గవర్నర్ల సంఘం, రాష్ట్ర విద్యాధికారుల మండలి కలిసి కామన్ కోర్ పేరుతో గణితానికి, ఇంగ్లిష్‌కు ఇలాంటి పట్టిక తయారుచేశాయి. 40కి పైగా రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. తర్వాత రాజకీయాల వల్ల కొన్ని పేరు మార్చాయి, కొన్ని లోపల కూడా మార్చాయి. టెక్సస్, వర్జీనియా అసలు చేరనే లేదు. టెక్సస్‌కు టీక్స్ అనే సొంత పట్టిక ఉంది, వర్జీనియాకు ఎస్‌వోఎల్ ఉంది. టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారిన కుటుంబానికి రిపోర్ట్ కార్డు కొత్తగా కనిపించడానికి ఇదొక కారణం. పైగా కార్డు ఎలా ఉండాలో నిర్ణయించేది రాష్ట్రం కాదు, స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు స్కూళ్లను నడిపే సంస్థ. పక్క ఊరి కార్డుతో మన కార్డును పోల్చి లాభం లేదు.

కామన్ కోర్ గణితంలో కొన్ని మెట్లు చూస్తే పట్టిక తీరు తెలుస్తుంది. కిండర్‌గార్టెన్ అయ్యేసరికి ఒకట్లలో, పదుల్లో 100 వరకు లెక్కపెట్టాలి. ఫస్ట్ గ్రేడ్‌లో 20 లోపు కూడికలు, తీసివేతలు రావాలి, అందులో 10 లోపువి తడుముకోకుండా రావాలి. సెకండ్ గ్రేడ్ చివరికి రెండు ఒంటి అంకెల కూడిక ఏదైనా నోటికి రావాలి. ఎక్కాలు నోటికి రావాల్సింది థర్డ్ గ్రేడ్ చివరికి.

మనకు ఇది నత్తనడకలా అనిపిస్తుంది. రెండో తరగతిలోనే పదో ఎక్కం అప్పజెప్పిన తరం మనది. కానీ పైకి కనిపించినంత తేలిక కాదు ఈ పట్టిక. ప్రతి మెట్టులో "చేయాలి" అన్నదాని వెంట "ఎందుకు అలా వస్తుందో చెప్పాలి" అన్నది కూడా ఉంటుంది. మన పిల్లలకు 2 పడేది ఎక్కువగా అక్కడే.

నవంబర్‌లో 2 పడితే

కార్డు మీద 1 నుంచి 4 వరకు అంకెలే ఉండాలని లేదు. కొన్నిచోట్ల అక్షరాలు, కొన్నిచోట్ల మాటలు. స్థూలంగా 1 అంటే టీచర్ దగ్గరుండి సాయం చేసినా ఇంకా కష్టంగానే ఉంది, 2 అంటే కొంత వచ్చింది, నిలకడ లేదు, 3 అంటే తనంతట తాను, మళ్లీ మళ్లీ చేయగలుగుతోంది.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. నా దృష్టిలో కార్డు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కొన్ని డిస్ట్రిక్టులు పిల్లను ఏడాది చివరికి చేరాల్సిన స్థాయితో పోలుస్తాయి. అక్కడ నవంబర్‌లో 2 రావడం మామూలు విషయం. ఆ పాఠం సగం కూడా చెప్పి ఉండరు. నవంబర్‌లోనే అన్నీ 3 ఉంటే అదే ఆశ్చర్యం. మరికొన్ని డిస్ట్రిక్టులు ఆ టర్మ్ వరకు చెప్పినదాన్ని బట్టి కొలుస్తాయి. అక్కడ నవంబర్‌లో 2 అంటే చెప్పిన పాఠమే పూర్తిగా అందలేదని. అంకె ఒకటే. ఒకచోట దాని గురించి ఆలోచించాల్సిన పనే లేదు, ఇంకోచోట వెంటనే టీచర్‌ను అడగాలి. మీ డిస్ట్రిక్ట్ ఏ రకమో కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో తల్లిదండ్రుల కోసం పెట్టిన గైడ్‌లో ఉంటుంది. అది చదవకుండా 2 చూసి బాధపడటం, 3 చూసి సంబరపడటం రెండూ తొందరపాటే.

టర్మ్ వారీగా కొలిచేచోట మరో సంగతి. నవంబర్‌లో 3, మార్చిలో 3, జూన్‌లో 3 ఉంటే "ఏడాదంతా అక్కడే ఉండిపోయింది" అనిపిస్తుంది. నిజానికి ప్రతి టర్మ్‌కూ చేరాల్సిన స్థాయి పెరుగుతూ వచ్చింది. పిల్ల దాంతోపాటే ఎక్కింది. ఇక వరస పక్కన గీత గానీ ఖాళీ గానీ ఉంటే ఆ టర్మ్‌లో ఆ విషయాన్ని పరీక్షించలేదని అర్థం. అది సున్నా కాదు.

మరి 4 సంగతి? దీనికి దేశమంతటా ఒకే అర్థం లేదు. కొన్నిచోట్ల పై గ్రేడ్ పని చేస్తే 4. కొన్నిచోట్ల అదే గ్రేడ్ విషయాన్ని ఇంతకుముందు చూడని లెక్కకు తనంతట తాను వాడగలిగితే 4. కొన్ని డిస్ట్రిక్టులు ఈ గొడవంతా ఎందుకని 4ను తీసేసి 3తోనే ఆపేశాయి. "కుమాన్ కోచింగ్‌లో మావాడు రెండు గ్రేడ్లు ముందున్నాడు, అయినా 4 ఎందుకు వేయలేదు?" అన్న ప్రశ్నకు సమాధానం సాధారణంగా రెండో అర్థంలో దొరుకుతుంది. పెద్ద గుణకారాలు చేయడం వేరు, స్థానవిలువ మీద లోతుగా ఆలోచించడం వేరు. ఆ వరస రెండోదాన్ని అడుగుతోంది. ఏడేళ్ల పిల్ల 4 కోసం పరుగెత్తడంలో నాకైతే అర్థం కనిపించదు. 3లు గట్టిగా ఉంటే చాలు.

సగటు ఎందుకు వదిలేశారు

పాత పద్ధతిలో ఒక పిల్లాడికి వరసగా ఐదు టెస్టుల్లో 40, 55, 70, 85, 95 వచ్చాయనుకోండి. సగటు 69. ఇంకో పిల్లాడికి ప్రతిసారీ 69 వస్తే వాడి సగటూ 69. మొదటివాడికి ఇప్పుడు పాఠం వచ్చేసింది. రెండోవాడు ఎక్కడో ఇరుక్కుపోయాడు. కార్డు మాత్రం ఇద్దరినీ ఒకేలా చూపిస్తుంది. మరొక లెక్క: మూడు టెస్టుల్లో 90 చొప్పున వచ్చి, ఒక రోజు హోంవర్క్ తేలేదని సున్నా పడితే సగటు 67.5కి దిగిపోతుంది. లెక్కలు బాగా వచ్చిన పిల్లకు లెక్కలు అంతంతమాత్రం అని కార్డు చెబుతుంది. అసలు విషయం తను పుస్తకం మర్చిపోయింది, అంతే.

హెచ్‌1 మీద వచ్చినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్లు బండి నడిపి ఇక్కడ రోడ్ టెస్ట్‌లో మొదటిసారి ఫెయిలైనవాళ్లు మనలో తక్కువేం లేరు. రెండోసారి పాసైతే లైసెన్స్ చేతికొచ్చింది. మొదటి టెస్టును కలిపి సగటు తీసి "సగం డ్రైవర్" అని ఎవరూ రాయలేదు. ఆ రోజు టెస్టుకు వచ్చినవాళ్లలో మీరెన్నో వారని కూడా చెప్పలేదు. స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగారా, అద్దం చూసి లేన్ మారారా అని ఒక్కో అంశం విడిగా టిక్ పెట్టారు. స్టాండర్డ్స్ బేస్డ్ గ్రేడింగ్ పనిచేసే తీరు అదే.

నూటికి వేసే మార్కుల మీద అనుమానం కొత్తదేమీ కాదు. 1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ పేపర్‌ను వేర్వేరు స్కూళ్లలోని టీచర్లతో దిద్దించారు. ఒకరు 64 వేసిన పేపర్‌కే ఇంకొకరు 98 వేశారు. ఇంగ్లిష్ కాబట్టి అలా జరిగిందేమో అని విమర్శ రావడంతో జామెట్రీ పేపర్‌తో చూశారు. అక్కడ తేడా ఇంకా పెరిగింది, 28 నుంచి 95 వరకు. ఒకరు చేతిరాతకు కోశారు, ఒకరు స్టెప్పులకు వేశారు, ఒకరు జవాబు మాత్రమే చూశారు. నూరుకు వేసిన మార్కు ఖచ్చితంగా కనిపిస్తుంది కానీ అందులో ఎన్ని విషయాలు కలిసిపోయాయో బయటికి తెలియదు. నీట్‌నెస్‌కు ఐదు మార్కులు పోగొట్టుకున్నవాళ్లకు ఇది అనుభవమే. తర్వాత 1960ల్లో రాబర్ట్ గ్లేజర్, బెంజమిన్ బ్లూమ్ లాంటివాళ్లు పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చే బదులు నేర్వాల్సిన విషయంతో పోల్చాలన్న ఆలోచనను బలంగా ముందుకు తెచ్చారు. ఇప్పటి కార్డుల మూలాలు అక్కడున్నాయి.

అందుకే ఈ కార్డులో ప్రవర్తన, శ్రద్ధ, పని సమయానికి ఇవ్వడం లాంటివి విడిగా వేరే భాగంలో ఉంటాయి. వాటికి విలువ లేదని కాదు. చదువు అంకెలో కలిపేస్తే ఏది ఏదో తెలియదు. హోంవర్క్‌కు చాలాచోట్ల గ్రేడ్ ఇవ్వకపోవడానికి కారణం కూడా దాదాపు ఇదే. అది సాధన. పైగా ఇంట్లో ఎవరు చేశారో టీచర్‌కు తెలియదు. సైన్స్ ప్రాజెక్టుకు గ్రేడ్ వేస్తే సగం ఇళ్లలో అది నాన్నకు వేసినట్టే!

టీచర్ ఆ అంకె దగ్గరికి ఎలా వస్తుంది

చిన్న తరగతుల్లో యూనిట్ టెస్ట్ ఒక్కటే ఆధారం కాదు. టీచర్ ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి తప్పులు రాసుకుంటుంది. పాఠం చివర చిన్న కాగితం మీద ఒకటి రెండు లెక్కలు ఇచ్చి క్లాసు నుంచి బయటికి వెళ్లేముందు తీసుకుంటుంది, దాన్ని ఎగ్జిట్ టికెట్ అంటారు. పిల్లలు ఇద్దరేసి కూర్చుని లెక్క చేస్తూ మాట్లాడుకునేది వింటుంది. ఇవన్నీ కలిపి, ముఖ్యంగా ఇటీవలివి చూసి, ఇప్పుడు ఎక్కడుందో నిర్ణయిస్తుంది.

52 నుంచి 27 తీసేయమన్నారనుకుందాం. ఒక పిల్లాడు 35 అని రాశాడు. 2 నుంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 నుంచి 2 తీశాడు. వాడికి స్థానవిలువ అందలేదు, అది 1 లేదా 2. ఇంకో పాప 52 లోంచి 20 తీసి 32, అందులోంచి 2 తీసి 30, ఇంకో 5 తీసి 25 అంది. మరొకరు 27కు 3 కలిపితే 30, అక్కడినుంచి 52కు 22, మొత్తం 25 అన్నారు. ఈ ఇద్దరూ సంఖ్యలతో చనువుగా ఉన్నారు. మన ఇంట్లో నేర్పించిన పిల్ల ఏం చేస్తుంది? చకచకా 5 కొట్టేసి 4 చేసి, 2 పక్కన 1 పెట్టి 12 చేసి, 25 రాసేస్తుంది. జవాబు కరెక్టే. టీచర్ "ఆ 1 ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగితే "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకున్నా" అంటుంది. ఒకటి కాదు, పది తెచ్చుకుందని దానికి తెలియదు. సెకండ్ గ్రేడ్ స్టాండర్డ్ అడిగేది స్థానవిలువ ఆధారంగా చేయడం. నిలువుగా రాసి అప్పు తెచ్చుకునే పద్ధతిని తడుముకోకుండా చేయడం కామన్ కోర్‌లో ఫోర్త్ గ్రేడ్ మెట్టు. అందుకని సరైన జవాబుకు 2 పడవచ్చు, అక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

మన పద్ధతి నేర్పొద్దని నేను అనను. అప్పు తెచ్చుకునే పద్ధతిలో తప్పేమీ లేదు, చివరికి అందరూ చేరేది దాని దగ్గరికే. నేర్పాక "ఎలా వచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. తెలుగులో చెప్పించినా పర్వాలేదు. యాభై రెండును నలభై, పన్నెండుగా విడగొట్టానని పిల్ల చెప్పగలిగితే ఆ ఆలోచన ఇంగ్లిష్‌లోకి దానంతట అదే వెళ్తుంది.

చదవడంలో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకో రకం. మన పిల్లల్లో స్పెల్లింగ్ గట్టిగా వచ్చినవాళ్లు, గడగడా చదివేసేవాళ్లు ఎక్కువ. కార్డులో ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులు), ఫ్లూయెన్సీ (తడబడకుండా చదవడం) వరసల్లో 3 ఉంటుంది, కాంప్రహెన్షన్ (చదివింది అర్థం చేసుకోవడం) వరసలో 2 ఉంటుంది. "అంత బాగా చదువుతుంటే 2 ఏమిటి?" అంటే, చదివాక కథేమిటో చెప్పమంటే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది కాబట్టి. సెకండ్ గ్రేడ్ స్టాండర్డ్‌లో రకరకాల సంస్కృతుల జానపద కథలు, నీతికథలు తిరిగి చెప్పడం, వాటిలోని నీతిని పట్టుకోవడం అని స్పష్టంగా ఉంది. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మ ఒక కథ చెప్పి "మరి నక్క ఎందుకలా చేసిందంటావు?" అని అడిగితే అది సరిగ్గా ఈ వరసకు సాధన. వర్క్‌షీట్ పుస్తకాలు కొనక్కర్లేదు.

అదే పోర్టల్‌లో కనిపించే ఇంకొన్ని అంకెలు

గందరగోళం పెరిగేది ఇక్కడ. రిపోర్ట్ కార్డుతో పాటు మ్యాప్ గ్రోత్ అనో ఐ‌-రెడీ అనో ఒక పరీక్ష ఫలితాల కాగితం కూడా వస్తుంది. అందులో పర్సంటైల్ ఉంటుంది. 97వ పర్సంటైల్ అంటే అదే గ్రేడ్‌లో దేశవ్యాప్తంగా పోలిక కోసం తీసుకున్న పిల్లల్లో దాదాపు 97 శాతం మంది కంటే పైన ఉందని. నూటికి 97 మార్కులని కాదు. ఇది మనకు బాగా తెలిసిన ర్యాంకు భాషే. రిపోర్ట్ కార్డు భాష వేరు. పర్సంటైల్ 97 ఉండి కార్డులో అన్నీ 3లు ఉండటంలో వైరుధ్యం లేదు. ఒకటి "ఎంతమంది కంటే ముందు" అని చెబుతోంది, రెండోది "ఈ పని వచ్చా రాలేదా" అని చెబుతోంది. పిల్ల చాలా ముందున్న సంగతి 3 దాచేస్తుంది. ఇది ఈ పద్ధతిలోని లోపమే. అలాంటప్పుడు టీచర్‌ను 4 అడగడం కంటే "తనకు క్లాసులో కష్టంగా అనిపించే పని దొరుకుతోందా?" అని అడగడం మేలు.

చదువులో బాగా ముందున్న పిల్లలకు పెట్టే గిఫ్టెడ్ ప్రోగ్రాముల కోసం చాలా డిస్ట్రిక్టులు సెకండ్, థర్డ్ గ్రేడ్‌లలో పెట్టే కాగ్‌యాట్ లాంటి పరీక్షలు కూడా పోలిక పరీక్షలే. రాష్ట్ర పరీక్షలు మొదలయ్యేది థర్డ్ గ్రేడ్‌లో. ఫెడరల్ చట్టం ప్రకారం 3 నుంచి 8 వరకు ఏటా చదవడంలో, గణితంలో పరీక్ష పెట్టాలి. 2002లో వచ్చిన చట్టం పెట్టిన నియమం ఇది, 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా అలాగే ఉంచింది.

మన పిల్లల్లాగా ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లకు వర్తించే కాగితం ఇంకోటి ఉంది. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లిష్ ఎంత వచ్చో చూడటానికి చిన్న పరీక్ష పెడతారు. తక్కువ వస్తే ఇంగ్లిష్ లెర్నర్‌గా నమోదు చేసి అదనపు సాయం ఇస్తారు. ఏడాదికోసారి వినడం, మాట్లాడటం, చదవడం, రాయడంలో పరీక్ష ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అది విడా అనే సంస్థ తయారుచేసే యాక్సెస్ పరీక్ష, కాలిఫోర్నియాలో ఎల్పాక్, టెక్సస్‌లో టెల్పాస్. ఇది నామోషీ అనుకుని ఫారంలో ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. నిజం రాయడమే మంచిదని నా అభిప్రాయం. ఆ సాయం అక్కర్లేదనుకుంటే తల్లిదండ్రులు వద్దనవచ్చు, అయితే స్థాయి చేరేదాకా ఏటా పరీక్ష మాత్రం రాయాలి. ఇంకో మాట. ఇంగ్లిష్ ఇంకా కుదురుకోని పిల్లకు గణితంలో 2 పడితే, లెక్క రాలేదా లేక ప్రశ్న అర్థం కాలేదా అని టీచర్‌ను తప్పకుండా అడగండి. రెండింటికీ మందు ఒకటి కాదు.

తీయటి మాటల మధ్య ఉన్న 1

ముందు చెప్పిన రెండో రకం తల్లిదండ్రుల దగ్గరికి వద్దాం. అమెరికన్ టీచర్లు కామెంట్లు చాలా మృదువుగా రాస్తారు. మీ అబ్బాయి క్లాసులో ఉండటం మాకు ఆనందం, స్నేహంగా ఉంటాడు, కొత్త విషయాల మీద ఆసక్తి చూపిస్తాడు, చదవడంలో ఎదుగుతూ ఉన్నాడు అని. "మొద్దు" అని ముఖం మీదే అనే మాస్టార్ల దగ్గర చదువుకున్న మనకు ఇదంతా పొగడ్తలా వినిపిస్తుంది. చివరి వాక్యంలోని "ఎదుగుతూ ఉన్నాడు" అన్నది హెచ్చరిక కావచ్చు. పక్కన ఫోనిక్స్ వరసలో 1 ఉంటే కచ్చితంగా హెచ్చరికే.

ఫస్ట్ గ్రేడ్ మార్చికి కూడా అక్షరాల ధ్వనులు కలిపి మాట పలకలేకపోతుంటే, రెండు మూడు టర్ములుగా అదే వరసలో 1 గానీ 2 గానీ కదలకుండా ఉంటే, "పెద్దయితే అదే వస్తుంది" అని ఊరుకోకూడదు. చిన్నప్పుడు దొరికితే చదవడంలో ఇబ్బందులు సరిచేయడం తేలిక. ముందు టీచర్ చిన్న గ్రూపులో అదనంగా నేర్పిస్తోందా, వారానికి ఎన్నిసార్లు, దాని ఫలితం ఎలా కొలుస్తోంది అని అడగాలి. అయినా కదలిక లేకపోతే స్పెషల్ ఎడ్యుకేషన్ పరీక్షలు చేయమని తల్లిదండ్రులే రాతపూర్వకంగా అడగవచ్చు. అది చట్టం ఇచ్చిన హక్కు, డబ్బు కట్టక్కర్లేదు. మీరు సమ్మతి సంతకం పెట్టాక 60 రోజుల్లో గానీ మీ రాష్ట్రం పెట్టిన గడువులో గానీ పరీక్షలు పూర్తి చేయాలి. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో" అన్న భయంతో సెకండ్ గ్రేడ్ అంతా వాయిదా వేసిన ఇళ్లలో థర్డ్ గ్రేడ్‌కి వచ్చేసరికి పిల్లకు పుస్తకం అంటేనే విముఖత వచ్చేస్తుంది.

పేరెంట్ టీచర్ కాన్ఫరెన్స్‌కు దొరికేది పదిహేను, ఇరవై నిమిషాలు. అందులో అన్ని వరసలూ మాట్లాడటం కుదరదు. ఒకటి రెండు పట్టుకోండి. "ఈ వరసలో 2 వేశారు కదా, దానికి ఆధారమైన పని ఒకటి చూపిస్తారా? 3 అయితే ఆ కాగితం ఎలా ఉండేది?" అని అడిగితే టీచర్ ఫోల్డర్ తెరుస్తుంది. అక్కడినుంచి మాట దానంతట అదే సాగుతుంది. "క్లాసులో మావాడు ఎక్కడున్నాడు?" అని అడిగితే ఆమె నవ్వి మాట మార్చేస్తుంది, ఎందుకంటే వేరే పిల్లల గురించి ఆమె చెప్పకూడదు.

ఇది లోపాల్లేని పద్ధతేం కాదు

2కూ 3కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది టీచర్ విచక్షణ. పక్క క్లాసు టీచర్ గీత కాస్త అటో ఇటో ఉంటుంది. మంచి స్కూళ్లలో టీచర్లంతా కూర్చుని పిల్లల పనిని కలిసి దిద్ది ఈ తేడాను తగ్గించుకుంటారు. అన్నిచోట్లా అలా జరుగుతుందని చెప్పలేం. కొన్ని కార్డుల్లో నలభై దాకా వరసలు ఉంటాయి. టీచర్ వేయలేక, తల్లి చదవలేక ఇద్దరూ విసిగిపోతారు. పదో పన్నెండో ముఖ్యమైన వరసలు ఉంటే చాలని నాకనిపిస్తుంది.

పెద్ద తరగతుల్లో ఇది ఇంకా చిక్కు. మేన్ (Maine) అనే రాష్ట్రం 2012లో హైస్కూల్ డిప్లొమాను కూడా ఇలాగే, ఒక్కో నైపుణ్యం నిరూపించుకుంటేనే ఇవ్వాలని చట్టం చేసింది. అమలులో ఇబ్బందులు, తల్లిదండ్రుల అభ్యంతరాల మధ్య 2018లో ఆ నిర్బంధాన్ని ఎత్తేసింది. కాలేజీలు జీపీఏ చూస్తాయి కాబట్టి చాలాచోట్ల మిడిల్ స్కూల్ నుంచో హైస్కూల్ నుంచో ఏ, బీ, సీ లెటర్ గ్రేడ్లు తిరిగి వచ్చేస్తాయి. ఎలిమెంటరీలో ఆ బరువు లేదు. సెకండ్ గ్రేడ్ కార్డు ఏ కాలేజీకీ వెళ్లదు. ఈ పద్ధతి సరిగ్గా ఇమిడేది ఈ వయసులోనే.

మన దగ్గర కూడా ఈ దారిలో ప్రయత్నం జరిగింది. 2009 విద్యాహక్కు చట్టంలోనే నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) అని ఉంది. తెలుగు రాష్ట్రాల స్కూళ్లలో ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు వచ్చింది ఆ దారినే. సీబీఎస్‌ఈ తెచ్చిన సీసీఈలో 91 నుంచి 100 వస్తే ఏ1 అని మార్కుల శ్రేణికి అక్షరం తగిలించారు. అంటే మార్కే, వేషం మారింది. పిల్లకు ఏం వచ్చో ఏం రాలేదో ఏ1 చెప్పదు. దానికంటే 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ తెచ్చిన తొలిమెట్టు ఈ ఆలోచనకు దగ్గరగా ఉన్నాయి. చిన్న తరగతుల్లోనే పిల్ల అర్థం చేసుకుంటూ చదవగలదా, ప్రాథమిక లెక్కలు చేయగలదా అని నేరుగా అడుగుతాయి.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక సూచన. అడ్మిషన్ ఫారంలో పోయిన ఏడాది శాతం ఎంత అని గడి ఉంటే అందులో 75 రాసేయకండి. కార్డుతో పాటు అంకెల అర్థం చెప్పే పేజీని కూడా ప్రింట్ తీసుకోండి, అది సాధారణంగా కార్డు చివర ఉంటుంది. ఈ పద్ధతిలో 3 అంటే గ్రేడ్ స్థాయి అందుకున్నట్టు అని, శాతాలు ఇవ్వరని స్కూలు లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాయించి పెట్టుకుంటే మంచిది. వేసవి సెలవులు మొదలయ్యాక స్కూలు ఆఫీసులో మనుషులు దొరకడం కష్టం. ఆ లెటర్ సెలవులకు ముందే అడగండి.